టీ ఎప్పుడూ వేడిగానే ఉండేది

అక్క ఫోన్‌లో బ్యాటరీ ఆదా చేస్తున్నట్టు ఒద్దికగా కూర్చున్న ఆకుపచ్చ ఆకు బొమ్మ, ఆమె ఎక్కడికి వెళ్ళేదీ ఎవరితో ఏం మాట్లాడేదీ ఇంకెవరికో చేరవేస్తోందని ఇన్‌స్పెక్టరమ్మ చెప్పగానే, ఆ గదిలో తల దించుకున్నది అక్కే.

ఎందుకు దించుకుందో తెలియాలంటే కిందటివారం హాస్టల్ వరండాలో జరిగింది గుర్తు చేసుకోవాలి. చెల్లెలు భర్తను వదిలి వచ్చేసింది. గొంతు పెంచకుండా, నవ్వు చెరగనివ్వకుండా మనిషిని గోడకి అదిమేసే ఆ భర్తకి అక్కచెల్లెళ్ళు తమలో తాము పెట్టుకున్న పేరు మెత్తనాయన. తన ఫోన్ ఆధారంగా వెతుకుతాడేమోనని చెల్లెలు బయల్దేరిన రోజే దాన్ని కాలవలోకి విసిరేసింది. అక్క ఆమెను ఊరి చివరనున్న ఉద్యోగినుల హాస్టల్లో దాచింది. ఆ చోటు తెలిసింది అక్కకి, అక్క భర్తకి, హాస్టల్ వార్డెనమ్మకి మాత్రమే. అయినా ఒక సాయంత్రం మెత్తనాయన పూలగుత్తి పట్టుకుని ఆ గేటు ముందు నిలబడ్డాడు. చెల్లెలు వెనక గోడ దూకి తప్పించుకుంది. దూకడంలో కళ్ళజోడు ముక్కలైంది. మర్నాడు అక్క వరండాలో నిలబడి, హాస్టల్ అమ్మాయిలందరూ వింటుండగా వార్డెనమ్మను కడిగేసింది. నీకు కూతుళ్ళు లేరా అంది. ఆ మనిషి నీకేమవుతాడని అమ్మేశావంది. పెద్దావిడ నడుముకున్న తాళాల గుత్తి తీసి బల్లమీద పెట్టి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ తలుపు తీసుకుని ఆవిడ నేరుగా వెళ్ళింది పోలీసు స్టేషన్‌కే. తన ఫోన్ ఇన్‌స్పెక్టరమ్మ ముందు పెట్టి, ఇందులో ఆ మనిషితో మాట్లాడినట్టు ఒక్క జాడ కనిపించినా నన్ను లోపలెయ్యండి, లేకపోతే మిగతావాళ్ళ ఫోన్లు కూడా చూడండి అని కూర్చుంది. అలా అక్కకి కబురు వచ్చింది. నేనేం దాచానని, కావలిస్తే చూసుకోండి అన్నట్టుగా ఫోన్ అందించింది అక్క. ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని పక్క గదిలోకి తీసుకెళ్ళి, చాలాసేపటికి వట్టి చేతులతో తిరిగొచ్చి, తలుపు దగ్గరగా వేసి అప్పుడు చెప్పింది ఆకు బొమ్మ సంగతి. ఫోన్ని ఇనప బీరువాలో పెట్టి వచ్చింది. ఈ రకం యాప్ మాటలు కూడా వింటుందట.

"ఇది గాల్లోంచి వచ్చి పడేది కాదమ్మా" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఎవరో మీ ఫోన్ చేతిలోకి తీసుకుని, తాళం తీసి, తీరిగ్గా కూర్చుని పెట్టాలి. మీ చెల్లెలు ఇల్లు వదలడానికి చాలా ముందు నుంచే ఉందిది."

మరి తీసెయ్యండి అంది అక్క. ఇప్పుడే కాదంది ఆవిడ. తీసిన మరుక్షణం అవతల చూస్తున్నవాడికి తెలిసిపోతుంది, వాడు జాగ్రత్తపడతాడు. ఇంకో మాట కూడా చెప్పింది. ఇలాంటి యాప్‌లన్నీ పాపిష్టివేం కావట. దారి మర్చిపోయే తన తండ్రి ఫోన్‌లో ఆవిడే ఒకటి పెట్టిందట. ఆయనే అడిగి పెట్టించుకున్నాడు. అది దాక్కోదు, తెరమీద ఎదురుగానే ఉంటుంది. పెద్దాయన రోజూ దానివైపు చెయ్యి ఊపి, కనపడుతున్నానా అని అడుగుతాడట. ఆ మాట చెబుతూ ఆవిడ నవ్వింది. నవ్వు ఆపి అడిగింది.

"ఇప్పుడు మీ చెల్లెలున్న చోటికి ఈ ఫోన్‌తో వెళ్ళారా?"

అక్క నిన్ననే వెళ్ళింది. కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం ఆమెది. చెల్లెలికి కొత్త కళ్ళజోడు స్వయంగా చేయించి పట్టుకెళ్ళింది. ఇలా కిటికీ దగ్గర కూర్చో అని కూర్చోబెట్టి, చెవుల వెనక పుల్లలు వంచి, సరిపోయిందా అని పదేపదే అడిగింది. సరిపోయిందక్కా, ఇప్పుడు నీ మొహం మీద మచ్చ కూడా కనిపిస్తోంది అని చాన్నాళ్ళకి నవ్వింది చెల్లెలు. ఫోన్ అక్క సంచిలోనే ఉంది.

మెత్తనాయనకి దారి చూపించినది వార్డెనమ్మ కాదు. మొదటిసారీ, రెండోసారీ తనే. తన చేతిసంచిలో అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళినట్టే.

ఇన్‌స్పెక్టరమ్మ అప్పటికే లేచింది. మామూలు దుస్తుల్లో మనుషుల్ని పంపించి చెల్లెలిని అక్కణ్ణుంచి రప్పిస్తానంది. పని పూర్తయ్యాక దుకాణం ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేస్తానంది. అందాకా అక్క ఎప్పటిలాగే పనికి పోవాలి. తిరిగిచ్చిన ఫోన్ ఎప్పటిలాగే దగ్గరుండాలి. స్టేషన్‌కి ఎందుకెళ్ళావని ఎవరడిగినా వార్డెనమ్మతో గొడవ గురించే అనాలి.

బయటికొస్తుంటే వరండా బెంచీ మీద వార్డెనమ్మ కూర్చుని ఉంది. అక్క ఎదుట నిలబడింది. క్షమించమనడానికి నోరు తెరిచింది. అంత మాట అన్న నోటికి ఇంత చిన్న మాట పెగల్లేదు. పెద్దావిడే తన సంచి జిప్పు వేసుకుంటూ లేచింది.

"ఆ పిల్ల దుప్పటి నా దగ్గరే ఉండిపోయిందమ్మాయ్. చలికి ఆగలేదు తను. ఎవర్నైనా పంపిస్తే ఇస్తాను" అంది. రెండడుగులేసి ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది. "ఎక్కడికో నాకు మాత్రం చెప్పకు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని అక్క ఒకటే ప్రశ్న వేసుకుంది. ఫోన్ తాళం తీయగలిగింది ఎవరు? దుకాణంలో కౌంటర్ అమ్మాయికి తెలియదు. మెత్తనాయన తమ ఇంటికి భోజనానికొచ్చిన రోజుల్లో ఫోన్ వంటింట్లో తన కళ్ళముందే ఉండేది. ఇక మిగిలింది ఒక్కరు. ఆ ఒక్కరి దగ్గరికి వచ్చేసరికి మనసు మొండికేసింది. ఛీ, ఏం ఆలోచనలివి అని తనని తనే తిట్టుకుంది.

అక్క భర్తని ఊళ్ళో అందరూ పోలికలాయన అంటారు. వారపత్రికలో వస్తువుల్ని పోల్చి రాయడం ఆయన పని. కుక్కర్లు, పరుపులు, నీళ్ళ ఫిల్టర్లు, ఏది కొనాలో ఏది మానాలో మార్కులేసి చెబుతాడు. ఇంట్లో సబ్బు కొనాలన్నా రెండు రకాలు తెచ్చి ఒకటి కుడి చేతికి, ఒకటి ఎడమ చేతికి రాసుకునే మనిషి. పెళ్ళిచూపుల్లో నన్నెవరితో పోల్చారండీ అని అక్క ఇప్పటికీ ఏడిపిస్తుంది.

ఏడాది కిందట ఆయన ఫోన్ల మీద నిఘా పెట్టే యాప్‌లని పోల్చి రాశాడు. అక్కకి ఆ వ్యాసం బాగా గుర్తుంది. అచ్చుకి పంపేముందు చదివింది తనే. ఒక యాప్ ప్రతి ఉదయం నిన్ను ఫలానావారు చూస్తున్నారని ఫోన్ మనిషికి చెబుతుందట. ఒకటి దాక్కోదు కానీ బ్యాటరీ తాగేస్తుందట. ఇంకొకటి వేరే యాప్ వేషం వేసుకుని కూర్చుంటుందట. అన్నిటికీ మార్కులు. అందులో 'దాక్కునే నేర్పు' అని ఒక వరుస. తెలియకుండా పెట్టేదానికి మార్కులేంటండీ అని ఆ రోజు అక్క గట్టిగానే అడిగింది. పాఠకులు అడుగుతారు మరి, నాదేం పోయింది అన్నాడు. అయినా అక్క ఊరుకోకుండా చివర ఒక పేరా పెట్టించింది. ఫోన్ ఎవరిదో వాళ్ళకి చెప్పకుండా ఇది పెట్టడం, వాళ్ళ గదికి గొళ్ళెం తీసి లోపలికి వెళ్ళడంతో సమానమని. ఆ పేరాకే ఎక్కువ మెచ్చుకోళ్ళు వచ్చాయి. ఆయన వాటిని గట్టిగా చదివి వినిపించాడు. ఇవన్నీ దేనిమీద పరీక్ష చేశారని అక్క అడిగితే, ఆఫీసులో పాత ఫోన్లున్నాయిలే అన్నాడు.

బస్సు వంతెన ఎక్కుతుండగా ఆమెకి టీ గుర్తొచ్చింది.

ఈ ఏడాదిగా ఆమె ఎప్పుడు ఇంటికొచ్చినా టీ సిద్ధంగా ఉండేది. తొందరగా వచ్చినా, ఆలస్యమైనా, బస్సు చెడిపోయి నడిచొచ్చినా, గుమ్మంలో చెప్పులు విడిచేసరికి ఆయన కప్పు అందించేవాడు. పొగలు కక్కుతూ ఉండేది. నీ అడుగుల చప్పుడు నాకు వీధి మొగలోనే తెలిసిపోతుంది అనేవాడు. అక్క ఆ సంగతి దుకాణంలో ఎన్నిసార్లు చెప్పుకుందో. మా ఆయన వట్టి బద్ధకస్తుడు అని వాపోయే కౌంటర్ అమ్మాయి, మీ ఆయన్ని కాస్త మా ఇంటికి అప్పు ఇవ్వండి మేడం అనేది. అక్క మురిసిపోయేది.

ఒక్కరోజు టీ లేదు. వానాకాలంలో ఒకనాడు. ఆమె తలుపు తీసుకుని లోపలికొస్తే ఆయన ఉలిక్కిపడ్డాడు. అప్పుడే వచ్చేశావా అన్నాడు. చేతిలో తన ఫోన్ ఉంది, దాన్ని బోర్లించాడు. ఆ రోజు అక్క తన ఫోన్ దుకాణంలో సొరుగులో మర్చిపోయి వచ్చింది.

వంతెన దిగేసరికి ఆ టీ గురించి తను గొప్పగా చెప్పుకున్న ప్రతి మాటా ఇప్పుడు బస్సులో ఎవరో పైకి చదువుతున్నట్టుంది. పక్కన కూర్చున్నామె వైపు తిరగలేక కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

దుకాణానికి చేరాక ఆమె అదే ఫోన్ తీసి, ఎవరు విన్నా అనుమానం రాకుండా భర్తకి ఫోన్ చేసింది. చదువుకునే కళ్ళజోడు అడుగుతున్నారుగా, మధ్యాహ్నం రండి, కుర్చీ ఖాళీగానే ఉంటుంది అంది. తన గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఏడాదిగా ఆయన గొంతు కూడా ఇలాగే వచ్చేదేమో.

ఆయన వచ్చేముందు అక్క ఫోన్ని కౌంటర్ సొరుగులో అడుగున పెట్టి, పక్కనే రేడియో పాడనిచ్చింది. ల్యాండ్‌లైన్ మోగితే వెంటనే పిలవమని కౌంటర్ అమ్మాయికి చెప్పింది.

పరీక్ష గది ఇరుకైనది. ఒక ఎత్తు కుర్చీ, ఎదుటి గోడమీద వెలిగే అక్షరాల పెట్టె, పక్కన అద్దాల పళ్ళెం. తలుపేస్తే మసక చీకటి. పోలికలాయన నవ్వుతూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అక్క గుండ్రటి బరువైన పరీక్ష ఫ్రేము ఆయన ముక్కుమీద పెట్టి, అద్దాలు మారుస్తూ రోజూ అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది. ఇది బాగుందా, ఇది బాగుందా. మామూలుగా ఎవరైనా చటుక్కున చెప్పేస్తారు. ఆయన మాత్రం మొదటిది మళ్ళీ పెట్టు, ఊహూఁ, దానికి ముందుది పెట్టు అంటూ సాగదీశాడు. నాకు జీతమిచ్చేది ఇందుకే కదా అని జోకు వేశాడు.

అక్క రెండు కళ్ళకీ మందపాటి అద్దాలు వేసింది. అక్షరాలు, గోడ, ఆమె మొహం, అన్నీ కరిగిపోయి ఉంటాయి ఆయనకి.

"అంతా మసగ్గా ఉంది" అన్నాడు.

"ఉండనివ్వండి. ఒక సంగతి అడగాలి. వానాకాలంలో ఒకరోజు నేనొచ్చేసరికి టీ లేదు. గుర్తుందా?"

అక్షరాల పెట్టె సన్నగా గుయ్యిమంటోంది. అక్క ఇంకా ఆశ పెట్టుకునే ఉంది. ఏ టీ, ఏం మాట్లాడుతున్నావు, పిచ్చా నీకు అని ఆయన విసుక్కుంటే చాలు. కాళ్ళమీద పడి క్షమించమందామనుకుంది. వారం రోజుల్లో ఇద్దర్ని అనుమానించిన పాపం తనదే అవుతుంది, ఫరవాలేదనుకుంది.

ఆయన అడిగింది టీ గురించి కాదు.

"నీ ఫోన్ ఎక్కడుంది?"

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

"బయట సొరుగులో. ఇక్కడి మాటలు దానికి వినపడవు. చెప్పండి."

ఆయన చేతులు కుర్చీ అంచుల్ని పట్టుకున్నాయి. అక్క ఫ్రేము తియ్యడానికి చెయ్యి చాపింది. ఆయన తల వెనక్కి లాక్కున్నాడు.

"తియ్యకు. నువ్వు కనపడకపోతేనే చెప్పగలను."

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేనే పెట్టాను" అన్నాడు. "వ్యాసం కోసం పెట్టాను. ఆఫీసు ఫోన్లలో ఏముంటుంది, పోవు, రావు, ఎవరితోనూ మాట్లాడవు. బతికున్న మనిషి ఫోన్ కావాలి. నీది దగ్గరుంది. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఒక్కో యాప్ వేసి చూశాను. చివర ఆ పేరా నువ్వు పెట్టమన్నావే, ఆ రోజు కూడా నీ ఫోన్‌లో ఒకటుంది. నువ్వు రాయమన్నది రాస్తూనే ఉన్నాను. వ్యాసం అయ్యాక అన్నీ తీసేశాను, ఈ ఒక్కటీ తప్ప. దీనికే మార్కులెక్కువ ఇచ్చాను కదా, ఇంకొన్నాళ్ళు చూద్దామనుకున్నాను. నీమీద అనుమానం లేదు. ఒట్టు. నువ్వొక చుక్కలా కదుల్తూ ఇంటివైపు వస్తుంటే చూడ్డం బాగుండేది. వంతెన మీదికి రాగానే నీళ్ళు పొయ్యి మీద పెట్టేవాణ్ణి. నువ్వు సంతోషించేదానివి. ఆ సంతోషం చూసి, ఇందులో తప్పేముందిలే అనుకున్నాను."

"అది మీ దగ్గరే ఆగితే మన ఇంటి గొడవ" అంది అక్క. "నా చెల్లెలి మొగుడి చేతికి ఎలా వెళ్ళింది?"

అప్పుడే బయట ల్యాండ్‌లైన్ మోగింది. అక్క లేవబోయింది. పోలికలాయన గాలిలోకి చెయ్యి చాచి, మసకలో ఆమె కొంగు కోసం తడిమాడు. ఇప్పుడు ఆపితే మళ్ళీ చెప్పలేనన్నాడు. కౌంటర్ అమ్మాయి ఫోన్ ఎత్తి ఎవరితోనో ఉండండి, మేడంని పిలుస్తాను అంటోంది. అక్క తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

"వెళ్ళలేదు. ఆ అకౌంట్ మొదటి నుంచీ ఆయనదే" అన్నాడు పోలికలాయన. "నేనీ వ్యాసం రాస్తున్నానని తెలిసి ఆఫీసుకొచ్చాడు. అన్నయ్యా, అన్నిట్లోకీ ఏది మంచిదన్నాడు. ఎవరికి, ఎందుకు అని నేనడగలేదు. నన్ను సలహా అడిగాడని పొంగిపోయాను. నీ చెల్లెలి ఫోన్ తెచ్చి ఇస్తే నా చేత్తోనే పెట్టిచ్చాను. ఒకే అకౌంట్ కింద రెండు ఫోన్లుంటే ఏది ముందు కబురు చెబుతుందో పోల్చి చూద్దామని, దాని పక్కనే నీదీ వేసి, ఆ అకౌంట్ నా ఫోన్‌లో కూడా తెరుచుకున్నాను. ఆ పోలిక వ్యాసంలో రాయనే లేదు. తను ఫోన్ కాలవలో పారేసింది. నీది మిగిలిపోయింది. భార్య ఫోన్ పోయాక ఆయన ఇక అది తెరవడు, నేనొక్కణ్ణే చూస్తున్నాననుకున్నాను.

"హాస్టల్ గేటు దగ్గర ఆయన నిలబడ్డాడని నువ్వు చెప్పగానే నాకు అర్థమైంది. అప్పుడే చెప్పాల్సింది. నువ్వు వరండాలో ఆ పెద్దావిణ్ణి అంతేసి మాటలంటుంటే, నీ సంచి పట్టుకుని పక్కన నిలబడ్డాను. సంచిలో ఫోనుంది. ఆవిడ తాళాలు బల్లమీద పెట్టినప్పుడు నావైపే చూసింది. నేను నేలచూపులు చూశాను.

"ఆ సాయంత్రమే తీసేద్దామని నీ ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. వెంటనే నా ఫోన్ మోగింది. ఆయనే. ఎంత నెమ్మదిగా మాట్లాడాడనుకున్నావు. అన్నయ్యా, మనిద్దరం చేసింది ఒకే పని కదా, మీరు టీ కోసం చూశారు, నేను నా భార్య కోసం చూస్తున్నాను, ఒదినకి ఈ తేడా మీరు వివరిస్తారా, నన్ను వివరించమంటారా అన్నాడు. నేను నీ ఫోన్ ఎక్కడిదక్కడ పెట్టేశాను.

"ఇవాళ పొద్దున మళ్ళీ చేశాడు. నువ్వప్పుడే బయటికెళ్ళావు. బస్సులో ఉన్నట్టున్నాడు, చుట్టూ చప్పుడు. ఒదిన నిన్న కిటికీ దగ్గర కూర్చోబెట్టి పెట్టిన కళ్ళజోడు మా ఆవిడకి సరిపోయిందా అన్నయ్యా అని అడిగాడు.

"తన దగ్గరికే బయల్దేరాడని తెలిసినా, నేను సరిపోయిందన్నాను."